మా అన్నయ్య వేసిన మోకు

ఆ బండని నేను ఎక్కాను. నన్నెవరూ లాగలేదు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మాచర్ల నుంచి నరసరావుపేట దాకా మా బంధువుల్లో, మా అన్నయ్య వెంట తిరిగేవాళ్లలో, ఆఖరికి నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్ రూములో కూడా తిరిగిన కథ వేరు. ఆ కథలో యాభైకి దగ్గరపడ్డ ఒక పిచ్చిది కొండ మధ్యలో ఇరుక్కుని ఏడుస్తుంటే వాళ్లన్న పై నుంచి తాడేసి లాగి బతికించాడు. విన్నవాళ్లంతా అన్నంటే అట్టా ఉండాలన్నారట. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

సాగర్ దాటి అడవిలోకి పోతే, ఒక వాగు ఒడ్డున నిట్టనిలువుగా లేచిన ఎర్రరాతి గోడ ఉంటుంది. రెండు తాటిచెట్ల ఎత్తు. పులుల కోసం విడిచిపెట్టిన అడవి అది. అక్కడ రాతికి డ్రిల్లు పెట్టి మేకులు దిగ్గొట్టడం కుదరదు, కుదిరినా మాలాంటివాళ్లం కొట్టం. ముందు ఎక్కే మనిషి నడుముకి తాడు కట్టుకుని, దారిలో ఎక్కడ పగులు దొరికితే అక్కడ ఒక లోహపు ముక్కని అందులో ఇరికించి, తాడుని దానికి తగిలించుకుంటూ పైకి పోవాలి. కింద ఇంకో మనిషి ఆ తాడుని కొంచెం కొంచెంగా వదులుతూ ఉండాలి. పైమనిషి జారితే కిందిమనిషి బిగబట్టాలి. ఆఖరున పెట్టిన ముక్క నుంచి ఎంత పైకి వెళ్లామో, జారినప్పుడు దానికి రెట్టింపు కిందికి వస్తాం. ఈ గోడతో వచ్చిన చిక్కంతా పగుళ్లు లేకపోవడమే. కింది భాగంలో మంచి నెర్రె ఉంది. అది అయిపోయాక రెండంతస్తుల మేడంత నున్నటి రాయి, గోరు దూరే సందు కూడా ఉండదు. అది దాటితే పిడికిలి పట్టేంత గుంట ఒకటి వస్తుంది. ఆ గుంటలో ముక్క పెట్టుకునేదాకా ప్రాణం గాల్లో ఉన్నట్టే. మధ్యలో జారితే నడుముకి తాడు ఉన్నా సరే, కింద అరుగులా పొడుచుకొచ్చిన బండ మీద నడుం విరగాల్సిందే.

హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మా కొండలెక్కే గుంపుతో ఈ గోడ దగ్గరికి మొదటిసారి వచ్చాను. నలుగురు మగపిల్లలు, నేను. వాళ్లు ముందెక్కి పై నుంచి తాడు పట్టుకుంటే నేను చివర ఎక్కాను. తాడు పై నుంచి ఉంటే, కాలు జారినా జానెడు కూడా పడం. నేను జారలేదు కూడా. అయినా ఆ నలుగురూ ఇప్పటికీ ఎక్కడ కనపడ్డా, "నిన్ను బస్తా లాగినట్టు లాగాం, గుర్తుందా?" అని పెళ్లాం పిల్లల ముందు పళ్లికిలిస్తారు. ఒక్కడూ లాగలేదు. తాడు వదులుగా వేలాడుతూ ఉండేది. ఆ మాట చెబితే, "అబ్బ, ఇంకా అదే వాగ్వాదమా!" అంటారు. వాళ్లు చెబితే జ్ఞాపకమూ, నేను చెబితే వాగ్వాదమూను.

అందుకని నేను ముందు వెళ్లి ఎక్కాలనుకున్నాను. తాడు కింది నుంచే ఉండాలి. పై నుంచి ఏ మగాడి చెయ్యీ ఉండకూడదు. ఇంతకు మించి నేను కోరుకున్నది ఏమీ లేదు.

మా ఆయనకి మేడ మీద నుంచి వీధిలోకి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. వద్దనలేదు, రానన్నాడు. అది నాకు సమ్మతమే. కింద తాడు పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. మా వదిన పట్టుకుంటానంది.

ఆడబిడ్డ ప్రాణం వదిన చేతిలో పెట్టడమేంటని మీరు నవ్వుకుంటారని తెలుసు. మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. ఆ సంగతులు ఇక్కడ అనవసరం. ఈ వయసుకి వచ్చేసరికి మా ఇద్దరికీ ఉమ్మడిగా చిరాకు పుట్టించే మనిషి ఒకడు మిగిలాడు, మా అన్నయ్య. స్నేహానికి అది చాలింది. ఆవిడది దుర్గి పక్క ఊళ్లో కాపురం, ఇంట్లో మూడు బర్రెలు, చేతుల నిండా బలం. వేసవి సెలవుల్లో వాళ్ల డాబా మీద నీళ్లట్యాంకు నిచ్చెనకి తాడు తగిలించి నేర్పాను. మొదట్లో తాడు బిగించేసేది. నేను చెయ్యి పైకి చాపేసరికి నడుం దగ్గర వెనక్కి లాగేసేది.

"వదులు వదినా, వదులు! నన్ను కిందికి గుంజుతున్నావు!"

"పడతావేమోనని గాదూ పట్టుకుంది!"

"బిగిస్తేనే పడేది. నేను కదిలితే తాడు కదలాలి. నేను ఆగితే తాడు ఆగాలి."

ఆవిడ తాడు కొంచెం వదిలి, "ఈనబోయే బర్రెని నడిపించినట్టంటావు. సరే, ఎక్కు," అంది. అప్పటినుంచి మళ్లీ తప్పు చెయ్యలేదు. తర్వాత పంటి డాక్టరు కోసమని నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, నాతో కొండవీడు బయల్దేరేది. కోట కింది బండల మీద నేను జారుతూ ఉంటే ఆవిడ ఆపుతూ ఉండేది. కావాలనే జారేదాన్ని, తాడు పట్టే చెయ్యి అలవాటు పడాలని. ఆవిడ పళ్లు అన్నిసార్లు పాడయ్యాయని మా అన్నయ్య పూర్తిగా నమ్మాడు.

అడవిలోకి వెళ్లాలంటే అనుమతి కావాలి, తోడుగా అక్కడి గూడెం మనిషి ఉండాలి, బండి ఉండాలి. బండి దగ్గర దొరికిపోయాం. వదిన చెప్పక తప్పలేదు. మా అన్నయ్య నాకు ఫోన్ చేసి అరిచిన అరుపులు రాస్తే ఈ పుస్తకం ఎవరూ వెయ్యరు. అరిచి అరిచి, చివరికి అనుమతి కాగితంలో డ్రైవరు పేరు రాసే చోట తన పేరు రాయించుకున్నాడు. ఊళ్లో పది మంది వెనక లేకుండా బజారుకి కూడా పోని మనిషి, డ్రైవరుగా వచ్చాడు! వెనకాల ఇంకో బండిలో ఆయన మనుషులు. వాళ్లని లోపలికి రానివ్వరు కాబట్టి విజయపురి సౌత్‌లో టీకొట్టు దగ్గర దింపి, "మేం వచ్చిందాకా ఈడే ఉండండి," అన్నాడు. యుద్ధానికి పోతున్నట్టు.

డిక్కీ తెరిస్తే నా తాడు పక్కన చెయ్యి లావు మోకు చుట్టపెట్టి ఉంది. ట్రాక్టరు మీద మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కట్టేది. మిరపకారం ఘాటు ఇంకా పోలేదు, తుమ్ములొచ్చాయి.

"అదెందుకు అన్నయ్యా?"

"ఉంటే నిన్నేమన్నా కరుస్తదా?"

"దాంతో పని లేదు. దించెయ్."

"బండి నాది. డిక్కీ నాది."

దారంతా అదే గోల. అద్దంలో మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ నడిపాడు.

"దీనికి తాడిస్తావా? ఇది నిన్నగాక మొన్న గ్యాస్ బండ మారుస్తా చెయ్యి నలగ్గొట్టుకుంది."

"నువ్వు మార్చకపోతే నేను మార్చా," అంది వదిన.

"నిన్నడగలా."

"నన్ను గురించే గదా అంటున్నది."

"అమ్మాయ్, నేను పట్టుకుంటానే. నా చేతిలో బలముంది."

"బలం అక్కర్లేదు అన్నయ్యా. మాట వినే చెయ్యి కావాలి. నువ్వు ఎప్పుడన్నా ఎవరి మాటన్నా విన్నావా?"

బండి కుదుపుకి మాట ఆగిపోయింది, లేకపోతే ఇంకా చాలా ఉండేది.

గూడెం మనిషి అడవి మొదట్లో బండి ఎక్కాడు. ఇరవై ఏళ్లుగా ఆ వాగులన్నీ తిరిగినవాడు, నోట్లో పుల్ల పెట్టుకుని మా తగాదా అంతా శ్రద్ధగా విన్నాడు. అన్నయ్య సాక్ష్యానికి ఆయన్ని లాగాడు. "మీరు తేనె కోసం కొండకి తాడేసుకుని దిగుతారు గదా, ఎవరు పట్టుకుంటారయ్యా తాడు?"

"బామ్మర్ది పట్టుకుంటాడు సార్."

"సొంత తమ్ముడు గాదా?"

"తమ్ముడికి వాటా మీద కన్నుంటది. బామ్మర్ది అనుకో, తాడు వదిలితే ముండమోసేది ఆడి అక్కే గదా. వదలడు."

వదిన పకపకా నవ్వింది. "విన్నావా? అన్నదమ్ముల్ని నమ్మరంట!"

"అయితే ఆడబిడ్డ తాడు వదిన పట్టుకోవచ్చంటావా?" అన్నాడు అన్నయ్య పంతంగా.

"మాలో ఆడోళ్లు దిగరు సార్, నాకు తెల్వదు," అని ఆయన పుల్లని ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చుకున్నాడు.

గోడ దగ్గరికి చేరేసరికి ఎండ ఇంకా రాతి మీదికి రాలేదు. రాయి చల్లగా ఉంది. ముక్కలన్నీ నడుం చుట్టూ తగిలించుకుని, తాడు ముడి వేసుకుని, వదిన నడుముకున్న కొక్కేన్ని, తాడు జారకుండా పట్టే చిన్న పరికరాన్ని రెండుసార్లు లాగి చూశాను. ఆవిడ నా ముడి లాగి చూసింది. అన్నయ్య దూరంగా బండరాయి మీద కూర్చుని, "ఇప్పుడన్నా వద్దంటే వద్దు," అన్నాడు. నేను రాతి మీద చెయ్యి వేశాను. గూడెం మనిషిని, "పైకి ఇంకో దారేమన్నా ఉందా?" అని అడుగుతున్నట్టు చెవిన పడింది. మేకలు పోయే దారి వెనక పక్క నుంచి ఉందని ఆయన చెప్పాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

కింది నెర్రె హాయిగా సాగింది. వేళ్లు లోపలికి పెట్టి, అరచెయ్యి తిప్పి బిగిస్తే, గొళ్లెం పెట్టినట్టు పట్టు దొరికేది. ముక్క పెట్టి, లాగి చూసి, తాడు తగిలించి, "వదులు," అంటే తాడు వచ్చేది. అలా కొంతదూరం పోయాక నెర్రె సన్నబడి, మూసుకుపోయింది. అక్కడ రెండు ముక్కలు పక్కపక్కనే పెట్టాను. వాటి పైన ఇంక పెట్టేదేమీ లేదు.

నున్నటి రాయి మీద చేతులతో లాక్కోవడానికి ఏమీ ఉండదు. పాదాల్ని నమ్మాలి. బొటనవేలి కింద బియ్యపు గింజంత మొటిమ ఉందనిపిస్తే దాని మీద బరువంతా వేసి లేవాలి. సగం వేస్తే జారతాం. భయపడి రాతికి ఒదిగితే జారతాం. రాతికి దూరంగా ఒళ్లు నిలబెట్టుకుని, వెనక ఎంత ఖాళీ ఉందో తెలిసి కూడా, తరువాతి అడుగు మీద నిలబడాలి. పిక్కలు వణకడం మొదలైంది. ఆగి, మడమలు కొంచెం దించి, ఊపిరి పీల్చుకున్నాను. నా కాళ్ల మధ్య నుంచి కింద తాడు వదిన దాకా వదులుగా వంపు తిరిగి కనిపించింది. పైన గుంట ఇంకా రెండు నిలువుల దూరం.

అప్పుడు కింద ఉన్నవాళ్లలో ఒకరు తక్కువయ్యారని గమనించాను. బండరాయి మీద అన్నయ్య లేడు.

ముందు మట్టి రాలింది. తల మీద ఇసకలాగా పడింది. తర్వాత చిన్న చిన్న రాళ్లు టకటకా గోడకి తగులుతూ పోయాయి. గూడెం మనిషి కింద, "అమ్మా, రాయి! రాయి!" అని అరిచి చెట్టు వెనక్కి దూకాడు. వదిన దూకలేదు. తాడు పట్టుకున్న మనిషి ఎక్కడికీ పోకూడదు, అది నేనే నేర్పాను. పిడికెడు కంటే పెద్ద రాయి ఒకటి నా భుజం పక్క నుంచి గుయ్యిమంటూ పోయింది. కింద ఎక్కడ తగిలిందో చూసే స్థితిలో లేను. నా నడుం దగ్గర తాడు మాత్రం ఉలకలేదు. బిగియలేదు, కిందికి జారలేదు.

"అమ్మాయ్! పట్టుకో!"

మోకు వచ్చింది. కొస దగ్గర ఇంత లావు ముడి. గోడకి దబ్బున తగిలి, ఎగిరి, ఊగి, నా మొహం ముందుకి వచ్చి ఆగింది. మిరపకారం వాసన. అంతెత్తు మీద, ఒంటికాలి బొటనవేలి మీద నిలబడి ఉండగా, నాకు తుమ్మొస్తుందని భయమేసింది.

"తియ్యి! పైకి తియ్యి దాన్ని!"

"పట్టుకోవే! నేను లాగుతా!"

"నీ దుంపతెగ, రాళ్లు పడుతున్నాయి, కదలబాక! తాడు తియ్యి!"

"పంతాలకి పోబాక! పట్టుకో!"

నిజం చెప్పాలంటే అది చేతికందేంత దగ్గరలో ఉంది. చెయ్యి చాపితే చాలు. పిక్కలు వణుకుతున్నాయి. అది దేనికి కట్టి ఉందో నాకు తెలియదు. రెండో కొస ఎక్కడుందో తెలియని తాడు పట్టుకోకూడదని మొదటి రోజు నేర్పుతారు. అయితే ఆ క్షణంలో నన్ను ఆపింది ఆ పాఠం ఒక్కటే అనను. నేను దాన్ని ముట్టుకుంటే, ఈ గోడ మీద నేను వేసిన ప్రతి అడుగూ ఆయనదైపోతుందని నాకు స్పష్టంగా కనిపించింది. ఇంకో ముప్ఫై ఏళ్లు పెళ్లిళ్లలో, పేరంటాల్లో, పెద్దకర్మల్లో, "మావాడే గనక లేకపోతే" అనే మాట వింటూ బతకాలి. అంతకన్నా కింద బండ మీద పడడమే మేలు అనుకున్నానంటే అతిగా ఉంటుందేమో, కానీ అనుకున్నాను.

పెద్ద చిక్కేమిటంటే, ఆ మోకు సరిగ్గా గుంట మీద నుంచి వేలాడుతోంది. నేను పట్టుకోవాల్సిన ఒకే ఒక్క పట్టుని మూసేసింది. ఏడెనిమిది అడుగులు పైకి వేశాను, వాటిని ఎలా వేశానో ఇప్పుడడిగితే చెప్పలేను. గుంట అందే ఎత్తుకి వచ్చాక, ఎడమ మోచేత్తో ఆ మోకుని పక్కకి నెట్టాను. మోచేత్తోనే. బరువు వెయ్యలేదు, వేలు తగలనివ్వలేదు. అది పక్కకి జరగ్గానే పిడికిలి గుంటలో దోపాను. మరో చేత్తో ముక్క తీసి పక్కన పెట్టి, లాగి చూసి, తాడు తగిలించి, "వదులు వదినా!" అన్నాను. తాడు వచ్చింది, ఎంత కావాలో అంత.

అక్కడి నుంచి పైకి రాయి మెట్లు మెట్లుగా ఉంది. తల అంచు దాటేసరికి మా అన్నయ్య కనిపించాడు. నేల మీద కూర్చుని, చచ్చిన తుమ్మ మోడుకి కాళ్లు తన్నిపెట్టి, మోకు నడుముకి రెండు చుట్లు చుట్టుకుని, మిగతాది అరచేతులకి చుట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. నాలుగడుగుల వెనక, ఏనుగుని కట్టేసినా కదలని మద్దిచెట్టు నిలబడి ఉంది.

కళ్లు తెరిచి చూశాడు. "హమ్మయ్య. పట్టుకున్నావు," అన్నాడు.

"నేను పట్టుకోలా. చెట్టు కనపడలా నీకు?"

"చెట్టుకి కడితే నీ బరువు నాకెట్టా తెలుస్తది?"

ఆ మాట విన్నాక నా నోరు ఆగలేదు. నేను గనక ఆ మోకు పట్టుకుని ఉంటే ఈయన ఆ మోడుతో సహా నా మీదుగా కిందికి వచ్చి, తన పెళ్లాం నెత్తి మీద పడేవాడు. ఆ లెక్కంతా మొహం మీద చెప్పాను. ఆయన వినలేదు. నడుం చుట్టూ మోకు విప్పుకుంటూ, "పోతే ఇద్దరం పోయేవాళ్లం," అన్నాడు, నాకేదో వరం ఇస్తున్నట్టు. "ఇద్దరం కాదు, ముగ్గురం. కింద ఉన్నది నీ లెక్కలోకే రాలేదు," అన్నాను.

చెట్టుకి తాడు కట్టుకుని, "వదినా, ఇక వదిలెయ్!" అని అరిచాను. కాస్త ఆలస్యంగా, "వదిలేశా!" అని వినిపించింది. అదే తాడు మీద దిగుతూ, నేను పెట్టిన ముక్కలన్నీ ఒక్కొక్కటే పీక్కుంటూ కిందికి వచ్చాను. అన్నయ్య మేకల దారిన వెళ్లాడు.

వదిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వేళ్ల మొదళ్లు వాచి, వంకాయ రంగులోకి తిరిగాయి.

"ఎప్పుడు తగిలింది?"

"తాడు రాకముందే. పెద్దరాయి వచ్చిందే, అదే."

"మరి తాడు?"

"ఎడంచెయ్యి కూడా వేసి పట్టుకున్నా. నువ్వు నున్నటి రాయి మీద ఉన్నావు గదా."

"అరవకపోయావా!"

"అరిస్తే నువ్వు కిందికి చూస్తావు. పైన ఒకడు అరుస్తానే ఉన్నాడు, చాల్లే అనుకున్నా."

గూడెం మనిషి వాగులో తడిపిన తువ్వాలు తెచ్చి చేతికి చుట్టాడు. అన్నయ్య వచ్చి చూసి, "ఏందే అది? చెప్పొద్దా?" అని ఆవిడ మీదే కేకలేశాడు.

విజయపురి సౌత్‌లో టీకొట్టు దగ్గర బండి ఆగింది. వదినకి ఐసు కోసం నేను ఎదురు కొట్లోకి వెళ్లి వచ్చేసరికి, మా అన్నయ్య మనుషుల మధ్య నిలబడి, రెండు చేతులూ గాల్లో చుట్టి చూపిస్తున్నాడు. "బరువు తగిలింది రా చేతికి! అప్పుడు బిగబట్టా చూడు!" ఆయన అబద్ధమాడుతున్నాడా అంటే, లేదు. అదే నా కోపం. నేను మోచేత్తో నెట్టిన ఆ నెట్టు ఆయన చేతికి తగిలింది. నేను పట్టుకున్నానని మనస్ఫూర్తిగా నమ్మాడు. అబద్ధమైతే నిలదీసి కక్కించవచ్చు, నమ్మకాన్ని ఏం చేస్తాం?

"నేను పట్టుకోలేదు," అన్నాను అందరి ముందూ. "మోచేత్తో పక్కకి నెట్టాను. అంతే."

వాళ్లంతా నా వైపు చూసి, పిల్లలు అలిగితే నవ్వినట్టు నవ్వారు. ఒకడు, "పోనీలే అక్కా, ప్రాణాలతో వచ్చావు. అన్న ఉండబట్టి," అన్నాడు. ఇంకొకడు నాకు టీ గ్లాసు అందించాడు. అది వాడి మొహాన పొయ్యకుండా తాగాను.

మాచర్లలో ఎముకల డాక్టరు ఫోటో తీసి, రెండు వేళ్ల ఎముకలు విరిగాయని కట్టు వేశాడు. ఇక పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు చెయ్యి విరిగినా, కాలు విరిగినా పలకరించడానికి రాని ఇల్లు ఉండదు. బత్తాయిలు, గ్లూకోజు డబ్బాలు, రొట్టె పొట్లాలు. ఆదివారం నేనూ వెళ్లాను. వచ్చిన ఆడవాళ్లకి లోపల గదిలో వదిన జరిగింది జరిగినట్టు చెబుతోంది. వసారాలో అన్నయ్య మగవాళ్లకి తన కథ చెబుతున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ. నేను గడపలో నిలబడి రెండూ విన్నాను.

టీకొట్టు దగ్గర నాకు గ్లాసు అందించిన మనిషి బత్తాయిల సంచితో వచ్చి కూర్చున్నాడు. "అయినా అన్న ఆరోజు లాగకపోతే అక్క ఏమయ్యేదో," అన్నాడు. అన్నయ్య కాదనలేదు.

లోపలి నుంచి వదిన లేచి వచ్చింది. వాళ్ల ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి, కట్టు కట్టిన చేతిని ఎడంచేత్తో పట్టుకుని వసారా మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం లాగాడు?" అంది.

"అదే వదినమ్మా, తాడేసి..."

"నేను కింద నుంచి చూస్తానే ఉన్నా. రెప్ప వెయ్యకుండా చూడటమే నా పని ఆరోజు. ఆయన తాడు ఆ పిల్ల పట్టుకోలా. అడ్డమొస్తే మోచేత్తో నెట్టేసి ఎక్కింది. ఆయన లాగింది రాళ్లని. అందులో ఒకటి ఇదిగో."

చెయ్యి చాపి చూపించింది. బత్తాయిల మనిషి ఆ కట్టు వైపు చూసి, అన్నయ్య వైపు చూసి, సంచి కాళ్ల దగ్గరికి జరుపుకున్నాడు. లోపలి ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

అన్నయ్య నేల చూస్తూ, "చెట్టుకి కట్టాల్సింది," అన్నాడు.

"చెట్టు సంగతి తర్వాత," అన్నాను. ఆయన ఒక తప్పు ఒప్పుకుని ఇంకోదాన్ని దాటవేయబోతున్నాడని తెలిసి నాకు ఇంకా మండింది. "నేను తాడు పట్టుకున్నానా, లేదా?"

"నా చేతికి తెలిసిందే..."

"నీ చేతికి తెలిసింది నా మోచెయ్యి. పట్టుకున్నానా, లేదా?"

"ఊరుకోమ్మా, ఇంతమందిలో ఏంది?"

"ఇంతమందిలోనే గదా లాగింది! మాచర్లలో లాగావు, గురజాల పెళ్లిలో లాగావు, మా కాలేజీకి కూడా పాకింది నువ్వు లాగడం. చెప్పు."

"లేదు," అన్నాడు.

"వినపడలా."

"పట్టుకోలేదు! చాలా?"

"చాలదు. ఫోన్ తియ్యి. ఎవరెవరికి చెప్పావో వాళ్లందరికీ చెయ్యి."

నవ్వుతాననుకున్నాడు. నేను నవ్వలేదు. వదిన కూడా నవ్వలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో కలిపాడు. స్పీకర్ పెట్టమన్నాను. పెట్టాడు.

"ఒరేయ్, నేనేరా. మొన్న చెల్లెలి సంగతి చెప్పా చూడు, సాగర్ అవతల, కొండ కాడ..."

అక్కడ ఆగి నా వైపు చూశాడు.

"ఊఁ," అన్నాను. "చెప్పు."